అచ్చులో లేని కారు

భూమయ్యకు ఒకటే పిచ్చి. పుస్తకం విప్పి చూడనిదే కారు గురించి ఒక్క ముక్క మాట్లాడడు. ఎదురుగా కారు మీదికొస్తున్నా సరే, అదేం కారో పుస్తకంలో చూసుకున్నాకే పక్కకు జరుగుతాడని కామాటిపురా తెలుగు చాళ్లలో, అంటే వరస గదుల మేడల్లో, ఒక సామెత. అందులో అతిశయోక్తి కొంచెమే.

ఈ పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు, చెంప మీద కొట్టి ఒకడు పట్టించింది. మీసం సరిగ్గా మొలవని వయసులో భూమయ్య నాగ్‌పాడాలో ఒక గ్యారేజీలో పనికి కుదిరాడు. ఒకనాడు పాత విలాయతీ కారొకటి వచ్చింది. గేరుపెట్టెలో ఏ నూనె పొయ్యాలో మేస్త్రి నోటితో చెప్పాడు, భూమయ్య చేత్తో పోశాడు. కారు గేటు దాటిందో లేదో గేరుపెట్టె ఆంబోతులా రంకె వేసి అక్కడే కూలబడింది. మేస్త్రి, కారు సేటు ముందర తన గొంతు పట్టుకుని, తల్లి మీద ఒట్టు, తాను ఆ మాటే అనలేదన్నాడు. దెబ్బ భూమయ్య చెంపకు పడింది. పని ఊడింది. వాచిన చెంపతో ఇంటికి నడిచొస్తూ ఆయన ఒక సంగతి గట్టిగా తెలుసుకున్నాడు: నోటి మాట వచ్చిన నోట్లోకే తిరిగిపోతుంది. అచ్చయిన మాట కదలమన్నా కదలదు.

ఆ దారిలోనే ఫోరస్ రోడ్ మీద ఒక పాత కాగితాల దుకాణం ముందు, సమోసా పొట్లాలకు చింపడానికి సిద్ధంగా, అట్ట ఊడిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకమొకటి కనిపించింది. నిండా కార్ల బొమ్మలు. ఒక్కో కారు ఎత్తెంత, బరువెంత, ఏ నూనె తాగుతుంది, ఎక్కడ మొరాయిస్తుంది, అన్నీ ఉన్నాయి. తనకు చెంపదెబ్బ తెచ్చిన కారు కూడా ఉంది. దాని గేరుపెట్టెలో పొయ్యాల్సిన నూనె పేరు కూడా ఉంది. భూమయ్య అక్కడే దుకాణం మెట్టు మీద కూర్చుని ఏడ్చాడో నవ్వాడో ఎవరూ చూడలేదు గానీ, పుస్తకం మాత్రం చంకలో పెట్టుకుని వచ్చాడు.

తర్వాత దానికి ఇద్దరు తోడయ్యారు. చోర్ బజార్‌లో దొరికిన పొట్టిది చిన్నబుక్కు. మొదటిది పెద్దబుక్కు. మూడోది ఎలుకబుక్కు. దాని కుడిపక్కంతా ఎలుక తినేసింది కాబట్టి అందులో కార్ల పొడవులు భూమయ్యకు తెలుసు, వెడల్పులు ఎలుకకు తెలుసు. భార్య మంగళ కాపురానికొచ్చిన రోజు ఆ ఒంటిగది ఖోలీలో ఉన్న ఒకే ఒక్క సందూక పెట్టె తెరిచి చూస్తే ఈ ముగ్గురూ పట్టుబట్టల్లో పడుకుని ఉన్నారు. తన చీరలు మాత్రం ఇప్పటికీ గోడకున్న మేకుకే వేలాడుతున్నాయని మంగళ ఈనాటికీ అంటుంది.

మున్సిపాలిటీ తెలుగు బడిలో కొన్నాళ్లు చదివిన భూమయ్యకు ఇంగ్లీషు ఆ పుస్తకాలే నేర్పాయి. అందుకని ఆయనకొచ్చిన ఇంగ్లీషంతా కార్లను పొగిడే ఇంగ్లీషు, లేకపోతే కార్లను తిట్టే ఇంగ్లీషు. ఒకసారి దగ్గు ముదిరి డాక్టరు దగ్గరికి పోతే, ఆయన ఏమైందని అడిగాడు. “కోల్డ్ స్టార్టింగ్ పూర్. హిల్ క్లైంబింగ్ అన్‌సాటిస్ఫాక్టరీ,” అన్నాడు భూమయ్య. డాక్టరు మందు రాసే ముందు, ఏ సంవత్సరం మోడలని అడిగాడట.

ఇంత తెలిసిన మనిషి ఏనాడూ కారు నడపలేదు. గ్రాంట్ రోడ్ దగ్గర ఒక ఆఫీసు బిల్డింగులో లిఫ్టుమన్‌గా చేరి అక్కడే రిటైరయ్యాడు. జీవితమంతా ఆయన నడిపిన వాహనం పైకీ కిందికీ తప్ప ముందుకు పోలేదు.

అసలు తంటా ఏమిటంటే, మూడు పుస్తకాలూ అరవై నాలుగో సంవత్సరంతో ఆగిపోయాయి. కాబట్టి ఆ తర్వాత ప్రపంచంలో పుట్టినవి కార్లే కావు, డబ్బాలు. డబ్బాలో భూమయ్య కూర్చోడు. నలుపూ పసుపూ పాత టాక్సీలు తిరిగినన్నాళ్లు ఇబ్బంది లేకపోయింది, ఎందుకంటే వాటి తాత ఫియట్ పెద్దబుక్కులో ఉన్నాడు. ఆ టాక్సీలను రోడ్ల మీద నుంచి తీసేసినప్పుడు భూమయ్య స్టేషన్ దాకా పోయి ఒకదాని బానెట్ మీద చెయ్యి వేసి, కాసేపు నిలబడి, నడుచుకుంటూ ఇల్లు చేరాడు. అప్పటినుంచీ నడకే. బస్సూ రైలూ కార్లు కావు గనక వాటికి మినహాయింపు ఇచ్చాడు.

ఈ చట్టం అందరికంటే ఎక్కువ తగిలింది అతుల్‌కు. అతుల్ భూమయ్యకు మేనల్లుడు. సొంతంగా కొత్త కారు కొని యాప్‌లో టాక్సీగా తిప్పుతున్నాడు. కొన్న రోజు బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మామే మొదట కూర్చోవాలని చాల్ ముందర ఆపాడు. భూమయ్య మూడు పుస్తకాలతో దిగాడు. కారు చుట్టూ తిరిగి ముందు నుంచి వెనక్కూ వెనక నుంచి ముందుకూ పేజీలు తిప్పాడు. నిమ్మకాయలు ఎండకు వాడిపోయాయి.

“లేదురా అల్లుడా,” అన్నాడు చివరికి, చనిపోయిన వాళ్లింట్లో మాట్లాడినంత మెత్తగా.

అతుల్ ఆనాటి నుంచి రోజూ పొద్దున పనికి పోతూ చాల్ కింద ఆగి గట్టిగా హారన్ కొడతాడు. భూమయ్య పై గ్యాలరీలో నుంచి తల బయట పెడతాడు.

“మామా, ఎక్కుతవా?”

“అది బుక్కుల ఎక్కినంక నేను దాన్ల ఎక్కుతరా.”

చాల్‌లో సగం మంది గడియారం చూడడం మానేసి ఈ మాటలకే లేస్తున్నారు. అతుల్ నవ్వుతూనే పోయేవాడు గానీ, నవ్వు ఫోరస్ రోడ్ మలుపు దాకానే వచ్చేది. ఊరు పేరు తెలియని వాళ్లను రోజంతా ఎక్కించుకుని తిప్పుతాడు. తనను భుజాన మోసి పెంచిన మనిషి ఒక్కసారి సీటు మీద కూర్చోడు.

చాల్ సెక్రటరీ శైలేష్‌కైతే భూమయ్య పేరెత్తితే చాలు, ఒళ్లు మండుతుంది. దానికి కారణం శైలేష్ కూతురు స్నేహల్ పెళ్లిచూపులు. పెద్దమనిషి కదా అని భూమయ్యను పిలిచారు. పిల్లవాడు మూడో అంతస్తుకు మెట్లెక్కి వచ్చి కూర్చున్నాడు. భూమయ్య ఎదురుగా నిలబడి చూశాడు, పక్కకు పోయి చూశాడు, వంగి చూశాడు. అభిప్రాయం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. “ముందల సూరత్ మంచిగున్నది. ఎనుక బరువెక్కువ. ఎక్కుడు రాంగనే ఇంజన్ ఏడెక్కుతున్నది.” పిల్లవాడు నిజంగానే రుమాలుతో చెమట తుడుచుకుంటున్నాడు. స్నేహల్ చాయ్ పళ్లెం కింద పెట్టి మరీ నవ్వింది. పెళ్లి జరిగింది, కాపురం బాగానే ఉంది. అల్లుడు మాత్రం అత్తగారింటికి వచ్చినప్పుడల్లా మెట్ల దగ్గర భూమయ్య ఉన్నాడేమో చూసుకుని, ఊపిరి బిగబట్టి ఎక్కుతాడు.

ఇక లాంచెస్టర్ కథ.

చాల్ ముందర గోడవారగా ఒక చచ్చిన కారు ఉంది. ఎవరు వదిలిపోయారో ఎవరికీ గుర్తు లేదు. ఇంజన్ ఎవరో ఎప్పుడో ఊడదీసుకుపోయారు. నంబరు పలక లేదు. లక్ష్మవ్వ భర్త పోయాక ఆమె ఆ కారు పక్కన పొయ్యి పెట్టింది. బానెట్ మీద పలక వేసి జొన్నరొట్టె చరుస్తుంది, డిక్కీలో పిండి డబ్బా దాస్తుంది. పాలమూరు నుంచి కూలికొచ్చి పని కోసం నాకా కూడలిలో నిలబడే జనం పొద్దున్నే అక్కడికి చేరతారు. రొట్టె మీద తొక్కుపచ్చడి వేయించుకుని తలుపులకు ఆనుకుని తింటారు. కిష్టయ్య అనే ముసలి కూలీకి డ్రైవరు సీటు ఖాయం. ఎడమచేత్తో స్టీరింగు పట్టుకుంటే తప్ప ఆయనకు ముద్ద దిగదు.

మొదట్లో ఒకసారి తుక్కు బేరగాడొకడు బండి తెచ్చుకుని ఆ కారు కోసం వచ్చాడు. చాల్‌లో అందరూ తీసుకుపొమ్మన్నారు. అప్పుడు భూమయ్య మెట్లు దిగి వచ్చాడు. రెండు చేతులూ నడుముకు పెట్టుకుని, ఇది లాంచెస్టర్ అనే పాతకాలపు విలాయతీ కారని, హిందుస్తాన్ మొత్తం వెతికినా ఇట్లాంటిది ఇంకోటి దొరకదని, ముట్టుకున్నవాడు జైలుకు పోతాడని చెప్పాడు. అచ్చు చూడనిదే నోరు విప్పని మనిషి అంత మాటన్నాక అడ్డు చెప్పేదెవరు? బేరగాడు దణ్ణం పెట్టి పోయాడు. చాల్‌కు గర్వం పట్టుకుంది. చుట్టాలొస్తే లాంచెస్టర్ చూపించి పంపడం మర్యాదైంది. లక్ష్మవ్వ రొట్టెలు లాంచెస్టర్ రొట్టెలయ్యాయి.

మొన్న వానలు వెనకపట్టాక వార్డు ఆఫీసు మనుషులు వచ్చి గల్లీల్లో పడున్న తుప్పుపట్టిన ఖటారా కార్లన్నిటికీ నోటీసులు అంటించారు. లాంచెస్టర్ అద్దానికీ ఒకటి పడింది. శైలేష్ సంబరానికి అంతులేదు. అల్లుడి మోటారుసైకిలు పెట్టడానికి ఆ జాగా మీద ఆయనకు ఎప్పటినుంచో కన్ను. లాంచెస్టర్ సంగతి చాల్ అంతా చెప్పగా విని వార్డు మనిషి బుర్ర గోక్కున్నాడు. శుక్రవారం క్రేను తెస్తానని, ఆలోగా పాత కార్లు తెలిసిన పెద్దమనిషి ఎవరైనా వచ్చి ఇది విలువైనదంటే వదిలేస్తానని అన్నాడు.

ఇది విన్న అతుల్‌కు తన దశ తిరిగిందనిపించింది. ఎందుకంటే ఆ వారమే అతని కారెక్కిన హితేష్ అనే పెద్దాయన, పాత కార్లు కొని బాగు చేయించుకోవడమే తన పని అని చెప్పాడు. అతుల్ బతిమాలి శుక్రవారానికి ఒప్పించాడు. ఆయన నోటితో లాంచెస్టర్ అనిపిస్తే మామకు దండలు పడతాయి. దండ వేసుకున్న మామ సంతోషంలో కారెక్కకపోతాడా?

శుక్రవారం పొద్దున ఈ మాట చెప్పగానే భూమయ్య మొహం గాలి తీసిన ట్యూబులా అయిపోయింది.

“నిన్నెవడు తెమ్మన్నడురా ఆయన్ని?”

అతుల్‌కు అర్థం కాలేదు. అర్థమయ్యేట్టు చెప్పింది లక్ష్మవ్వ, రొట్టె చరుస్తూ, తల ఎత్తకుండా.

“మంచిదైతే నీ సేటు కొండబోతడు బిడ్డా. పాడుదైతే క్రేనోడు కొండబోతడు. కారు పోయినంక జాగ నాకెవడిడుస్తడు? పొయ్యి యాడ పెట్టుకోవాలె?”

అతుల్ నాలుక కరుచుకున్నాడు. అప్పటికే హితేష్ గల్లీ మలుపు తిరిగాడు. వెనకాలే క్రేను తిరిగింది.

హితేష్ మంచివాడే. రుమాలు పరిచి మోకాళ్ల మీద కూర్చుని కిందికి చూశాడు. తలుపు మీద గోటితో గీరి చూశాడు. గ్యాలరీల నిండా జనం. కిష్టయ్య రొట్టెతో సహా డ్రైవరు సీట్లోనే ఉన్నాడు, దిగమన్నా దిగలేదు. చివరికి హితేష్ లేచి దుమ్ము దులుపుకుని హిందీలో తీర్పు చెప్పాడు. ముక్కు మోరిస్‌ది. తలుపులు ఫియట్‌వి. వెనక భాగం ఏదో జీపుది. మిగతాదాన్ని ఏ గ్యారేజీవాడో రేకులు మలిచి అతికించాడు. ఇది ఒక కారు కాదు, మూడు కార్ల శవాలకు కప్పిన ఒక గుడ్డ. లాంచెస్టర్ అని ఎవరన్నారో గానీ ఆయన్ను ఒకసారి చూడాలని ఉంది.

చాల్ గొల్లున నవ్వింది. శైలేష్ అందరికంటే పైన వినిపించాడు. “అరే, బుక్కు దెప్పించుండ్రి. మా పండితుడు బుక్కుల జూసే చెప్పిండు గద.”

అతుల్‌కు తల కొట్టేసినట్టయింది. మామ పరువు నిలబెట్టే దారి ఒకటే ఉందనుకుని పైకి పరుగెత్తి, సందూకలో నుంచి పెద్దబుక్కు తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాడు. పేజీ చూపించమన్నాడు.

భూమయ్య లుంగీకి చేతులు తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. విప్పలేదు. రొమ్ముకు ఆనించుకుని అట్లాగే నిలబడ్డాడు. అప్పుడు అతుల్‌కు ఒక్కసారిగా తట్టింది. ఇన్నేళ్లలో ఈ ఒక్క కారు గురించి మాట్లాడేటప్పుడు మామ ఎప్పుడూ పుస్తకం విప్పగా చూడలేదు. కంఠతా వచ్చుననుకున్నారు అందరూ. ఆనాడు తుక్కువాడి ముందర నడుముకు పెట్టుకున్న చేతులు రెండూ ఖాళీవి.

“తప్పు చెప్పిన,” అన్నాడు భూమయ్య. “లాంచెస్టర్ గాదిది.”

చెంపదెబ్బ తిన్ననాడు కూడా ఆయన ఒప్పుకోని మాట అది. కొందరు ఇంకా నవ్వారు. నవ్వు ఆగేదాకా భూమయ్య ఓపిగ్గా ఆగాడు. ఆ తర్వాత హితేష్ వైపు తిరిగి, మరి ఇది ఏ కారని హిందీలో అడిగాడు. ఏ కారూ కాదన్నాడు హితేష్. ఏ బుక్కులోనైనా దొరుకుతుందా? ప్రపంచంలో ఏ బుక్కులోనూ దొరకదన్నాడు.

భూమయ్య వార్డు మనిషి వైపు తిరిగాడు. వార్డు మనిషి కూడా ఒకప్పుడు ఆ పక్క గల్లీ తెలుగు బడిలో చదివినవాడే.

“ఇన్నవు గద సాబ్. బుక్కుల లేనిది కారు గాదని నేను ఎప్పటిసంది మొత్తుకుంటున్న, ఒక్కడన్న నమ్మిండా? గిప్పుడు పెద్దసాబ్ గూడ అదే అంటుండు. ఇంజన్ లేదు, నంబర్ లేదు, పేరు లేదు. నువ్వు కార్లు గుంజుకపోనీకి ఒచ్చినవు. ఇది కారు గాదు.”

“మరేంది?”

“పొయ్యిగట్టు.”

వార్డు మనిషి చేతిలో కాగితం చూసుకున్నాడు. కారు పేరు రాసేచోట ఏం రాయాలి? నంబరు రాసేచోట ఏం రాయాలి? లక్ష్మవ్వ వేడి రొట్టె మీద తొక్కు వేసి ఆయన ముందు పెట్టింది. సగం రొట్టె అయ్యేసరికి ఆయనకు దారి దొరికింది. కారైతే తన ఖాతా, అంటే తన శాఖ. కారు కాని తుక్కు చెత్త ఖాతా. ఆ ఖాతావాళ్లకు కబురు చెయ్యడం వరకే తన పని. ఆ ఖాతావాళ్లు ఇంతవరకు రాలేదు. వాళ్ల సంగతి తెలిసినవాళ్లు, మనవల కాలానికి వస్తారని అంటున్నారు.

వచ్చిన క్రేను ఉత్త చేతులతో పోకూడదు కదా. గోడ మూలన చక్రాల్లేకుండా పడున్న శైలేష్ పాత స్కూటర్ దాని కంటబడింది. దానికి పేరుంది, నంబరుంది. ఎవరూ అడక్కుండానే భూమయ్య అది ఏ సంవత్సరానిదో కూడా చెప్పబోయి, పుస్తకంలో స్కూటర్లు లేవు గనక ఆగిపోయాడు. హితేష్ బానెట్‌కు ఆనుకుని రెండు రొట్టెలు తిని, తలుపు తియ్యబోతే తలుపు చేతికి వచ్చి, దాన్ని మర్యాదగా మళ్లీ తగిలించి వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం భూమయ్య పడుకున్నాక అతుల్ అత్తను అడిగాడు. మంగళ బియ్యం ఏరుతూ చెప్పింది. తుక్కువాడు వచ్చిన పొద్దున మామ మూడు బుక్కులూ తిప్పాడు. కింద ఉన్నదానికి సరిపోయే బొమ్మ ఒక్కటీ లేదు. గ్యాలరీలోకి పోయి చూస్తే, లక్ష్మవ్వ పిండి డబ్బా నెత్తిన పెట్టుకుని ఎటు పోవాలో తెలియక గల్లీ మధ్యన నిలబడి ఉంది.

“బుక్కులు సందూక మీదనే ఇడిసిపెట్టి దిగిండు. ఏదో ఒక పేరు జెప్పాలె గద, బరువుగున్నదని లాంచెస్టర్ అన్నడు. అబద్ధమాడిన అని రెండు పూటలు బువ్వ ముట్టలేదు.”

“నీకు ముందే ఎరుకనా అత్తా?”

“నా చీరలు మేకుకు ఏలాడినన్ని దినాల సంది ఎరుకనే.”

ఆ తర్వాత అతుల్ రోజూ హారన్ కొట్టడం మానేశాడు. చాల్ నాలుగు రోజులు ఆలస్యంగా లేచింది.

పోయిన ఆదివారం అతుల్ గల్లీ మలుపు అవతల కారు కడుగుతుంటే భూమయ్య జొన్నపిండి బస్తా ఈడ్చుకుంటూ నాగ్‌పాడా పిండి గిర్నీ దగ్గర నుంచి వస్తున్నాడు. లక్ష్మవ్వకు నడుం పట్టేసిందట. ఈయనకు మోకాలు పట్టేసింది. కారు దగ్గరికొచ్చి ఆగాడు. చేతిలో పుస్తకం లేదు. కారును ఒకసారి తేరిపార చూసి, తలుపు తీసి, బస్తాను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. కొత్త సీటంతా పిండి. అతుల్ గుడ్డ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

“మామా, ఇది బుక్కుల లేదు గద.”

“లేకుంటే బుక్కుది తప్పురా, బండి ఏం జేసింది?”

అతుల్ గుడ్డ భుజాన వేసుకున్నాడు. స్టీరింగు ముందు కూర్చుని బండి తిప్పాడు. గల్లీ మలుపు తిరిగాక చాల్ ముందర, చాల్ అంతా చూస్తుండగా, హారన్ మీద చెయ్యి వెయ్యబోయాడు. భూమయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“మెల్లగ పోనీరా. లాంచెస్టర్ ఇంటే మనసుల పెట్టుకుంటది.”